మసుయో పెట్టిన చుక్కలు

మా పెద్దమ్మ షినొజుకా మసుయోకి అరవై ఏళ్లు దాటాక జనం ఆమె దుకాణం ముందు వరస కట్టడం మొదలుపెట్టారు. అంతకుముందు ఇరవై ఏళ్లలో ఆ తలుపు తోసుకుని వచ్చినవాళ్లను నేను పేర్లతో సహా చెప్పగలను. పండగ పల్లకీ మోసేవాళ్లు చొక్కాల మీద పేట పేరు కుట్టించుకునేవారు. బేస్‌బాల్ జట్టువాళ్లు టోపీలు పట్టుకొచ్చేవారు. పళ్ల డాక్టరు భార్య కుక్కకు కోటు కావాలని ఏడాదికోసారి వచ్చేది. అంతే.

ఆ తరవాత టీవీలో పోకిరీ ముఠాల యానిమేలు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి. వాటిలో సగం కథల్లో ఎవరో ఒకరు వెనకటి కాలానికి జారిపోతారు. అక్కడ మోటారు సైకిళ్లు, రంగేసిన జుట్లు, చీలమండల దాకా వేలాడే తెల్లకోట్లు, వాటి వీపు మీద పైనుంచి కిందికి జానెడేసి అక్షరాలు. చూసిన పిల్లలందరికీ అవి కావాలి. మా కిర్యూ ఊళ్లో అలాంటి అక్షరాలు చేత్తో తిప్పి కుట్టగలిగినవాళ్లు ముగ్గురే మిగిలారు. వాళ్లలో ఇద్దరికి చూపు ఆనదు.

పెద్దమ్మ మిషను మామూలుది కాదు. దాని సూది కిందికీ పైకీ ఆడుతూనే అడ్డంగా కూడా ఊగుతుంది. కాలితో తొక్కుతూ, మోకాలితో మీట నొక్కుతూ, రెండు చేతులతో గుడ్డను తిప్పుతూ ఉండాలి. గుడ్డ మీద ముందుగా గీత గీసుకోవడం ఆమెకు నామోషీ. పదిహేనో ఏట వాళ్ల నాన్న, అంటే మా తాతయ్య పక్కన కూర్చుని మొదలుపెట్టిన పని అది. పక్క మిషను మీద నేను కుడతాను, గీత గీసుకుని మరీ.

వచ్చినవాళ్లను ఆమె అడగకుండానే టేపుతో కొలిచేసేది. ఒకసారి బ్యాంకులో పనిచేసే అమ్మాయి, గట్టిగా మాట్లాడితే ఏడ్చేసేలా ఉంది, వీపు నిండా భూమ్యాకాశాల్లో నాకు ఎదురు లేదని కుట్టమంది.

"వేసుకుని ఎక్కడికెళ్తావమ్మా?" అని అడిగింది పెద్దమ్మ.

"ఫొటో దిగుతానండీ."

"ఆ తరవాత?"

"మడతపెట్టి దాచుకుంటానండీ."

"మా కాలంలోనూ అంతేలే," అంది పెద్దమ్మ. ఆ పిల్ల అది వేళాకోళం అనుకుంది.

ఒక అక్టోబరు ఉదయం యొనెమురా సాయే అనే అమ్మాయి వచ్చింది. ఇరవై ఏడేళ్లుంటాయి. టోక్యో నుంచి రెండు రైళ్లు మారి వచ్చానంది. చేతిలో చెస్ట్‌నట్ మిఠాయి డబ్బా, భుజాన తనకంటే బరువైన సంచి. మూడుసార్లు వంగి దండం పెట్టి, తను మాంగా, అంటే బొమ్మల కథలు గీస్తానని, అవి అచ్చయ్యే పత్రిక నెలకు రెండుసార్లు వస్తుందని చెప్పింది. ఆమె కథలో మునిసిపల్ ఆఫీసులో పనిచేసే ముప్ఫై ఎనిమిదేళ్ల ఆడమనిషి, అమ్మ బీరువాలో దొరికిన పాత ముఠా కోటు చేతుల్లో చెయ్యి దూరుస్తుంది. దూర్చగానే నలభై ఏళ్లు వెనక్కి పోయి, పదిహేనేళ్ల పిల్లయి, తన తల్లే నాయకురాలుగా ఉన్న ఆడపిల్లల ముఠాలో పడుతుంది. అక్కడ నది ఒడ్డున రెండు మగ ముఠాల మధ్య జరగబోయే పెద్ద కొట్లాటను ఆపాలి. ఆపకపోతే తల్లి ప్రేమించినవాడి కన్ను పోతుంది.

"నేను మోటారు సైకిల్ ఎప్పుడూ ఎక్కలేదండీ. ఎవరినీ కొట్టలేదు కూడా. అందుకని అన్నీ అడిగి తెలుసుకుంటున్నాను," అంది యొనెమురా.

కోటు ఎంత బరువుంటుంది, తడిస్తే ఎలా వేలాడుతుంది, గాలికి ఏ వైపు లేస్తుంది, ఇలాంటివన్నీ అడిగి రాసుకుంది. పెద్దమ్మకు ఆ పిల్ల నచ్చింది. చివరికి యొనెమురా, పంతొమ్మిదివందల ఎనభై ఒకటి ఫిబ్రవరిలో వతరాసే నది ఒడ్డున నిజంగానే అలాంటి కొట్లాట జరిగిందట కదా అని అడిగింది. పెద్దమ్మ దారం కొరికి, ఆ సంగతి కొగురెని, అకుత్సుని అడుగు, నాయకులు వాళ్లే అంది. మొహం మామూలుగానే ఉంది కానీ, మిషను అవసరం లేకుండా ఒకసారి గిర్రుమని తిరగడం నేను విన్నాను.

కొగురె యొషిహారు అప్పట్లో మా ఊరి మహా డ్రాగన్ ముఠాకు నాయకుడు. ఇప్పుడు వీధి సంఘం పెద్ద. పొద్దున్నే బడి ముందు పసుపు జెండా పట్టుకుని చిన్నపిల్లల్ని రోడ్డు దాటిస్తాడు. అకుత్సు తెత్సురో నది అవతలి అషికాగా ఊరి రేరాజు ముఠాను నడిపినవాడు. పెళ్లయ్యాక మా ఊళ్లోనే ఉడాన్ నూడుల్స్ దుకాణం పెట్టాడు. నడుం పట్టీ అంత వెడల్పు ఉడాన్ చేస్తాడు. ఇద్దరూ వారంలో నాలుగు రోజులు ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. నలభై ఏళ్లుగా ఆ కొట్లాట గురించి ఊరంతటికీ చెబుతూనే ఉన్నారు.

యొనెమురా ఇద్దరినీ విడివిడిగా కలిసింది. కొగురె లెక్కలో ఇటు ఇరవై మంది, అటు ఎనభై మంది. అతను విరిగిన చేత్తోనే అకుత్సుని నేలకు అదిమిపట్టాడు. అకుత్సు లెక్కలో సంఖ్యలు తారుమారు. పైగా అతను ఫిబ్రవరి చలిలో నది ఈదుకుంటూ వచ్చి వెనకనుంచి దాడిచేశాడు. రెండు కథల్లోనూ చివర అవతలివాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. యొనెమురా పాపం మర్యాదస్తురాలు. కథానాయిక వెనక్కి పోకముందు ఊళ్లో విన్న కథలుగా రెండూ గీసింది.

వసంతంలో మొదటి సంపుటం వచ్చింది. కొగురె పన్నెండు ప్రతులు కొని వీధి సంఘం గ్రంథాలయం అని ఒక అరకు పేరుపెట్టి అందులో సర్దాడు. అకుత్సు తన ప్రతిని దుకాణంలో నీళ్ల కూజా పక్కన నిలబెట్టి, ఎవరు ముట్టుకున్నా చేతులు తుడుచుకోమనేవాడు. మాంగాలో కన్ను పోగొట్టుకోబోయే అందగాడు తనేనని ఇద్దరూ ఎవరికివారు నమ్మారు. రెండేసి కళ్లూ నిక్షేపంగా ఉన్న ఆ ఇద్దరు అది ఎవరి కన్నో తేలక నాలుగు రోజులు మాట్లాడుకోలేదు. కొగురె మనవడికి బడిలో చెప్పలేనంత గౌరవం వచ్చిపడింది. మధ్యాహ్న భోజనంలో పుడ్డింగ్ మిగిలితే అది ఎవరూ అడక్కుండానే వాడి పళ్లెంలోకి వచ్చేదట.

పెద్దమ్మ ఆ పుస్తకం మిషను మీద ఆనించుకుని చదివింది. కొట్లాట పేజీల దగ్గరికి వచ్చేసరికి భుజాలు కదలడం మొదలుపెట్టాయి. చదువుతూనే తొక్కింది, సూది విరిగింది. ఏమయిందని అడిగితే, కొగురె చెయ్యి ఎంత బాగా విరిగిందో చూడవే అని పేజీ చూపించి మళ్లీ నవ్వింది. అంతకుమించి చెప్పలేదు.

తరవాతి జనవరిలో యొనెమురా మళ్లీ వచ్చింది. ఈసారి మిఠాయి డబ్బా లేదు. కళ్ల కింద గుంటలు. అకాగి కొండ మీదనుంచి దిగే గాలి ఆమెను తలుపుతో సహా లోపలికి తోసింది. కొతాత్సు దగ్గర, అంటే కింద వెచ్చగా ఉండి పైన దుప్పటి కప్పిన పొట్టి బల్ల దగ్గర కూర్చోబెట్టి టీ ఇచ్చాం. 

టీ తాగుతూ అసలు సంగతి చెప్పింది. కథ నది ఒడ్డుకు చేరింది. పదకొండు భాగాలుగా పాఠకులు ఎదురుచూస్తున్నారు. కానీ కథానాయిక ఆ కొట్లాట ఎలా ఆపాలో ఆమెకే తెలియడంలేదు. పోలీసులకు అబద్ధపు ఫోను చేయించింది. మోటారు సైకిళ్ల ప్లగ్గులు పీకించింది. తల్లికి కడుపునొప్పి తెప్పించింది. మూడూ ఎక్కడో చూసినట్టున్నాయని సంపాదకుడు తిప్పికొట్టాడు. శుక్రవారంలోగా గీసి ఇవ్వాలి.

"మసుయోగారూ, మీరు అప్పుడు ఈ ఊళ్లోనే ఉన్నారుగదా. మీరైతే ఎలా ఆపేవారు?"

పెద్దమ్మ కమలాపండు ఒలుస్తోంది. ఒలవడం పూర్తిచేసి, సగం ఆ పిల్ల చేతిలో పెట్టి, "ఎలా ఆపుతానని అడుగుతావేంటే పిచ్చిపిల్లా," అంది. "ఆపేశాగా. ఆ కొట్లాట జరగనేలేదు."

నేను టీ కప్పు కింద పెట్టేశాను. మా అమ్మ ఆమె చెల్లెలు, అప్పటికి పదేళ్లది. ఆమెకు తెలిసే ఉండాలి. నాతో ఒక్కనాడూ అనలేదు.

అప్పుడు పెద్దమ్మ చెప్పింది ఇది.

ఆమెకు అప్పుడు ఇరవై ఏళ్లు. డిసెంబరులో కొగురె నలుగురు స్నేహితులతో దుకాణానికి వచ్చి ఇరవై రెండు కోట్లు కావాలన్నాడు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం నది ఒడ్డున తేల్చుకోబోతున్నారు, ఆనాటికి కొత్తకోట్లు కావాలి. తాతయ్య దగ్గర ఒక నమూనా కోటు ఉంది. ఎలా ఉంటుందో చూద్దామని పెద్దమ్మకు తొడిగించారు. కొగురె ఆమె చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది నీకు పట్టిందంటే మాలో ఎవరికైనా పడుతుందిలే," అన్నాడు. నలుగురూ నవ్వారు. తాతయ్య కూడా కొంచెం నవ్వాడట. అది ఆమెకు ఇంకా మంట.

వారం తిరక్కుండానే నది అవతలినుంచి అకుత్సు వచ్చాడు. అదే ఆదివారానికి పంతొమ్మిది కోట్లు. ఇద్దరూ ఒకే చోట కుట్టిస్తున్నారని తాతయ్య ఏ ఒక్కరికీ చెప్పలేదు. వ్యాపారం వ్యాపారమే కదా. రెండు నెలలు తండ్రీకూతుళ్లు వంచిన తల ఎత్తకుండా కుట్టారు. అంచులు, చేతులు తాతయ్యవి. వీపు మీది అక్షరాలు పెద్దమ్మవి. తాతయ్యకు అప్పటికే కళ్లు మసక. కూతురి అక్షరాలు చూసుకోకుండానే మడతపెట్టేవాడు.

మా అక్షరాల సంగతి ఏమిటంటే, మహా అని రాసే అక్షరం కాళ్ల మధ్య ఒక్క చుక్క పెడితే అది బొద్దు అయిపోతుంది. పెద్దమ్మ మొదటి కోటు మీద మహా డ్రాగన్ అని కుట్టి, ఒక నిమిషం చూసి, చుక్క పెట్టింది. చక్కగా నిండుగా, చిక్కుడు గింజంత చుక్క. బొద్దు డ్రాగన్. తరవాత మిగతా ఇరవై ఒకటికీ పెట్టింది.

"మరి రెండో ముఠావాళ్లు? వాళ్లు మిమ్మల్ని ఏమీ అనలేదుగా," అని అడిగింది యొనెమురా.

"అనలేదు. అకుత్సు పాపం బూట్లు విప్పి మరీ లోపలికొచ్చాడు." పెద్దమ్మ కమలా తొన ఒకటి నోట్లో వేసుకుంది. "కానీ ఆలోచిస్తే భయమేసింది. ఒక్కళ్ల వీపు మీదే ఉంటే వీళ్లు సిగ్గుతో చచ్చిపోతారు, వాళ్లు ఎగతాళి చేస్తారు, ఉన్నదానికంటే ఎక్కువ కొట్టుకుంటారు. అందుకని వాళ్లకీ పెట్టేశా."

రేరాజు, అంటే రాత్రికి రాజు. ఆ పేరులో రాజు అనే అక్షరం పక్కన చుక్క పెడితే అది ఉండ అవుతుంది. ఉండ అంటే మిఠాయి ఉండ గుర్తొచ్చే వయసు కాదు ఆ కుర్రాళ్లది. మగవాళ్ల దగ్గర ఉండేవే గుర్తొస్తాయి. అలా పంతొమ్మిదిమంది రేరాజులు రాత్రి ఉండలు అయిపోయారు.

"అంటే మీరు వాళ్ల గురించి ఆలోచించారన్నమాట," అంది యొనెమురా కళ్లు తుడుచుకుంటూ. నవ్వో ఏడుపో తెలియలేదు.

"మా దుకాణం అద్దాల గురించి ఆలోచించా," అంది పెద్దమ్మ.

శనివారం సాయంత్రం రెండు ముఠాలవాళ్లూ వేరువేరు వేళల్లో వచ్చి కాగితం చుట్టిన కట్టలు పట్టుకెళ్లారు. అందరూ ఒకేసారి నది ఒడ్డునే తొడుక్కోవాలని ఎవరికివారు ఒట్లు పెట్టుకున్నారు కాబట్టి ఎవరూ విప్పిచూడలేదు. ఆదివారం మధ్యాహ్నం అటు పంతొమ్మిదిమంది, ఇటు ఇరవై ఇద్దరు ఎదురెదురుగా నిలబడ్డారు. కట్టలు విప్పి తొడుక్కున్నారు. తన కోటు వీపు ఎవరికీ కనపడదు కదా, ఎదుటివాళ్ల మీదనుంచి కళ్లు తిప్పి పక్కవాడి వీపు చూసే ధైర్యం ఎవరికీ లేదు. తరవాత మహా డ్రాగన్లు తమ జెండాకు వందనం చెయ్యడానికి వెనక్కి తిరిగారు. అప్పుడే అకాగి గాలి వచ్చి ఇరవై రెండు కోట్లనూ తెరచాపల్లా సాగదీసింది.

అవతలినుంచి ఎవరో బిగ్గరగా చదివారు. ఆ తరవాత నవ్వు. రేరాజుల్లో ఒకడు పొట్టపట్టుకుని గులకరాళ్ల మీద కూలబడిపోయాడు. అతన్ని లేపడానికి ఇద్దరు వంగారు. వాళ్ల వీపులు ఇటు తిరిగాయి. ఈసారి ఇటువాళ్లు చదివారు. పావుగంటసేపు వతరాసే నది ఒడ్డున నలభై ఒక్కమంది ఒకరి వీపు ఒకరు చదువుకోవడం తప్ప ఏమీ జరగలేదు. ఒకే ఒక్కడికి రక్తం వచ్చింది. వాడు నవ్వుతూ వెనక్కి పడి మోచెయ్యి కొట్టుకున్నాడు.

నవ్వులయ్యాక కోపం వచ్చింది. నలభై ఒక్కమందీ కలిసి వంతెన దాటి దుకాణం ముందుకు వచ్చారు. మా తాతయ్య గజంబద్ద పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఏమయిందో ఆయనకు తెలియదు. ఒక కోటు అందుకుని కళ్లకు ఆనించుకుని చూశాడు. తరవాత వెనక్కి తిరిగి కూతుర్ని చూశాడు. పెద్దమ్మ మిషను వెనకనుంచి బయటికి వచ్చి, అది పొరపాటని, దారం విప్పితే పోతుందని, కానీ చుక్కల్ని గట్టిగా కుట్టాను కాబట్టి గుడ్డ చిరక్కుండా విప్పాలంటే రోజులు పడుతుందని, తన ఒక్కదాని వల్ల కాదని చెప్పింది. సూదులు ఇస్తాను, ఎవరి చుక్క వాళ్లు విప్పుకోండి అంది.

మా అమ్మకు గుర్తున్నది ఇక్కడినుంచేనట. పన్నెండు రోజులపాటు బడి వదలగానే విడతలు విడతలుగా ఆ కుర్రాళ్లు వచ్చి ఈ కొతాత్సు చుట్టూనే కూర్చున్నారు. బయట చలి. రెండు ముఠాల కాళ్లూ ఒకే దుప్పటి కింద. అమ్మమ్మ చిలకడదుంపలు కాల్చి పెట్టేది. జుట్టుకు ఎర్రరంగు వేసుకున్న ఒక పెద్ద మొనగాడు, విప్పుతుంటే పడ్డ చిరుగు కుట్టుకుందామంటే సూదిలో దారం ఎక్కించడం రాక, పదేళ్ల మా అమ్మచేత ఎక్కించుకున్నాడు. మూడో రోజుకు ఎవరి మేనత్త కొడుకు ఎవరో తేలింది. ఆరో రోజుకు పేకముక్కలు వచ్చాయి. పన్నెండో రోజున కొగురె, అకుత్సు ఈ సంగతి చచ్చేదాకా బయటపెట్టకూడదని అందరిచేతా ఒట్టు వేయించారు. కొట్లాట జరిగిందనే చెప్పాలి. ఎవరు గెలిచారన్నది మాత్రం అప్పుడు తేల్చుకోలేదు.

యొనెమురా కాగితాల మీద ఏమీ రాసుకోలేదు.  తరవాత లేచి, ఇది గియ్యాలంటే వాళ్ల అనుమతి కావాలి అంది. పెద్దమ్మకు అది అనవసరం అనిపించింది. అయినా చలికోటు తొడుక్కుంది.

అకుత్సు దుకాణంలో మధ్యాహ్నం రద్దీ తగ్గాక కొగురెతో కలిపి నలుగురం ఒక బల్ల దగ్గర కూర్చున్నాం. అకుత్సు పిండి చేతులతోనే వచ్చాడు. యొనెమురా విషయం చెప్పేసరికి ఇద్దరి మొహాలూ పాలిపోయాయి. కొగురె ముందు అదంతా అబద్ధం అన్నాడు. తరవాత మసుయోకి వయసు మీదపడిందన్నాడు. తరవాత మనవడి పుడ్డింగ్ సంగతి ఎత్తాడు.

"ఇన్నేళ్లు కాపాడుకున్నాం మసుయో. ఇంకో ఇరవై ఏళ్లాగితే ఎటూ పోతాం. అప్పుడు గీసుకోమను," అన్నాడు.

పెద్దమ్మ గిన్నెలోంచి ఒక ఉడాన్ ముక్క పైకెత్తి ఊదుకుంటోంది. కాసేపటికి కొగురె తనంతట తనే తల దించుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ ఆదివారం పొద్దున తను ఇంట్లో తిన్న అన్నమంతా నది దగ్గర పంపు షెడ్డు వెనక కక్కేసుకున్నాడట. కాళ్లు ఎంత వణికాయంటే జెండాకు వందనం అన్నది అసలు ముందు అనుకున్నది కాదట. అటువైపు చూడలేక వెనక్కి తిరగడానికి అప్పటికప్పుడు కల్పించాడట. అవతలినుంచి బొద్దు డ్రాగన్ అని వినపడగానే ప్రాణం లేచొచ్చిందన్నాడు.

"అందరూ విప్పుకున్నారు. నేను నాది విప్పలేదు," అన్నాడు. "విప్పినట్టు నటించా. మా ఇంట్లో అటక మీద ఇప్పటికీ ఉంది, చుక్కతో సహా."

అకుత్సు అతనివైపు తిరిగాడు. "నువ్వు భయపడ్డావా?" అన్నాడు.

"భయపడక?"

"నేను రెండు చొక్కాల మధ్య మా అమ్మ తాయెత్తులన్నీ కట్టుకొచ్చాన్రా. ప్రసవం సుఖంగా జరగాలని ఇచ్చేది కూడా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నలభై ఏళ్లు ఒక్కొక్కడూ అవతలివాడు భయమెరుగని మనిషనుకుని బతికాడు. తరవాత ఇద్దరూ లేచి, బల్ల పక్కన వరసగా నిలబడి, పెద్దమ్మకు నడుం వంచి దండం పెట్టారు. తమ పళ్లు కాపాడావన్నారు. ఊరిని కాపాడావన్నారు. పెద్దమ్మకు చిర్రెత్తుకొచ్చింది.

"నేను మిమ్మల్ని కాపాడటానికి చెయ్యలేదయ్యా. ఇది నీకు పట్టిందంటే మాలో ఎవరికైనా పడుతుందన్నావు. అందుకు చేశా."

కొగురె బిత్తరపోయాడు. "నేనా? ఎప్పుడు?"

అతనికి గుర్తే లేదు. పెద్దమ్మకు తేదీ, వేళ, అతను వేసుకున్న మేజోళ్ల రంగు కూడా గుర్తున్నాయి. చెప్పింది. కొగురె మళ్లీ వంగాడు. ఈసారి ఎక్కువసేపు వంగాడు. ఆ మాంగాలో అమ్మాయిలా తను కూడా వెనక్కి పోగలిగితే ఆ ఒక్క మాట అనకుండా నోరు కుట్టేసుకుంటానన్నాడు.

"అంటే నేను కోట్లు సరిగ్గా కుట్టేస్తా," అంది పెద్దమ్మ. "అప్పుడు నువ్వు కొట్లాటకెళ్తావు. ఆ కాళ్లతో."

కొగురె ఆలోచించాడు. ఆలోచించేకొద్దీ మొహంలో దిగులు పెరిగింది. "అయితే మళ్లీ వెళ్లి అదే మాట కొంచెం గట్టిగా అనాలి," అన్నాడు చివరికి. అకుత్సు ఉడాన్ నీళ్లు ముక్కులోకి ఎక్కి దగ్గాడు. యొనెమురా అప్పుడు కాగితం తీసి గబగబా రాసుకుంది.

అనుమతి ఇచ్చారు. ఆనాటి మాటకు శిక్ష ఏమిటన్నది పెద్దమ్మ అక్కడే తేల్చింది. అటక మీది కోటు దింపి, ఒక్క పొద్దుటిపూట అది తొడుక్కుని బడి ముందు జెండా పట్టుకోవాలి. కొగురె బేరమాడాడు. శనివారం చేస్తానన్నాడు. శనివారం బడి లేదు కదా అంది పెద్దమ్మ.

ఆ సోమవారం ఏడున్నరకే నేనూ పెద్దమ్మా ఎదురు పేవ్‌మెంటు మీద నిలబడ్డాం. కొగురె వచ్చాడు. కోటు పొట్ట దగ్గర కలవడంలేదు, వదిలేశాడు. తెలుపు కాస్తా పసుపు తిరిగింది కానీ అక్షరాలు మాత్రం ఇంకా మెరుస్తున్నాయి. రెండో తరగతి పిల్లలకు ఆ అక్షరం అప్పుడే పాఠంలో వచ్చింది. వాళ్లు రోడ్డు మధ్యలో ఆగి మరీ పైకి చదివారు. ఒక పాప మాత్రం వచ్చి, తాతయ్యా మీకు చుక్క ఎక్కువ పడింది, టీచరు మార్కు తగ్గిస్తారు అని చెప్పి వెళ్లింది. ప్రధానోపాధ్యాయురాలు బయటికి వచ్చి చూసి, తిరిగి లోపలికి వెళ్లిపోయింది. కొగురె మనవడు తల తిప్పుకుని దాటేశాడు. అయితే సాయంత్రానికి ఆ కోటు ఒకసారి వేసుకుని చూడనిస్తావా అని వాడిని పదిమంది అడిగారట.

మంగళవారం కూడా కొగురె అదే కోటుతో వచ్చాడు. ఎవరూ వేసుకోమని చెప్పలేదు.

యొనెమురా ఆ భాగం నాలుగు రోజుల్లో గీసింది. అందులో వెనక్కి వెళ్లిన మునిసిపల్ ఉద్యోగిని కుట్టు దుకాణంలో పనికి చేరుతుంది, చుక్కలు ఆమే పెడుతుంది. పక్కన మిషను మీద బుగ్గల పిల్ల ఒకతె ఉంటుంది, ఏది చెప్పినా పకపకా నవ్వుతుంది. పత్రిక వచ్చిన వారంలో ఉత్తరాలు వచ్చాయి. పదకొండు భాగాలు ఎదురుచూసింది దీనికోసమా అని కొందరు తిట్టారు. ఒకాయన తనూ ఆనాడు నది ఒడ్డున ఉన్నానని, తన చుక్కను తను విప్పుకున్న మాట నిజమేనని రాశాడు. కింద పేరు పెట్టలేదు. సంపాదకుడు మాత్రం యొనెమురాను మెచ్చుకున్నాడట, తిప్పికొట్టకుండా.

పెద్దమ్మకు ఆ భాగంలో నచ్చనిది ఒక్కటే. బుగ్గల పిల్ల తనేనని ఆమె ఒప్పుకోదు. కుడివైపు ఉండాల్సిన మోకాలి మీట ఎడమవైపు గీశావేంటని ఫోను చేసి అరగంట తిట్టింది. తరవాతి సంచికకు మళ్లీ చేసింది. ఇప్పుడు పత్రిక వచ్చిన ప్రతిసారీ చేస్తుంది. యొనెమురా కూడా ఆ వేళకు టీ పెట్టుకుని కూర్చుంటుందట.

కిందటి నెలలో పెద్దమ్మకు ఎడమ చెవి సరిగ్గా వినపడటంలేదని ఆసుపత్రికి తీసుకెళ్లాను. యాభై ఏళ్ల మిషను చప్పుడు అది. డాక్టరు చిన్నవాడు, బల్ల మీద పోకిరీ ముఠా యానిమే బొమ్మ ఒకటి పెట్టుకున్నాడు. చెవికి ఎప్పుడైనా పెద్ద చప్పుళ్లు తగిలాయా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ కుర్చీలో వెనక్కి ఆని, మోటారు సైకిళ్లయ్యా, పొగ గొట్టాలు కోసేసి నడిపేవాళ్లం, ఎనభై ఒకటిలో, అంది. ఆ డాక్టరు రాస్తున్న కలం ఆపాడు. తరవాత లేచి నిలబడి, తలుపు దాకా వచ్చి మమ్మల్ని సాగనంపాడు.